ఆఫీసు ఎక్కడ ఉండాలి?
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఈ దినం జరుపుకుంటున్నాము. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని ఆ తీర్పు సారాంశం. అయితే ఆ హక్కు కోసం పోవలసిన ఆఫీసు ఊరికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎన్ని మెట్లున్నాయి అనే సంగతి కూడా మనం ఆలోచించాలి. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను సర్వీసులో ఉండగా ఒక ఆఫీసుకు స్థలం చూసే ఫైలు నా సీటుకు వచ్చింది. ఊరి బయట పోరంబోకు ఉంది. "ప్రభుత్వ స్థలం, భూసేకరణ ఖర్చు లేదు, ఆక్రమణలు లేవు" అని నోటు రాసి పైకి పంపాను. సంతకాలైపోయినాయి. బస్సు ఎక్కడ ఆగుతుంది, ముసలివాళ్లు ఎట్లా వస్తారు అని ఆ నోటులో ఒక్క ముక్క లేదు. అడిగినవారూ లేరు.

పోయిన ఏడు మా ఇంటామెను వెంటబెట్టుకొని అదే ఆఫీసుకు పోవలసి వచ్చింది. బస్సు దిగి ఆటో మాట్లాడుకొని పోయినాము. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ఆమె కిందనే అరుగు మీద కూర్చుంది. "ఇంత దూరాన కట్టమని ఏ మహానుభావుడు రాసినాడో" అనింది. నేను నోరెత్తలేదు.

పట్టణంలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పడానికి 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టం ఉంది. దాని ప్రకారం తయారయ్యే మాస్టర్ ప్లానులో ఇండ్లకు, వ్యాపారానికి, పరిశ్రమలకు, ప్రజోపయోగ సంస్థలకు వేరువేరు జోన్లు చూపుతారు. కొత్త లేఅవుట్లలో నూటికి 10 వంతులు ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి ఇవ్వాలి. ఆ స్థలాన్నే తర్వాత ఎవరో ఒకరు ఆశిస్తారు.

బెంగుళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, ఆ పేటవాళ్లు కోర్టుకు పోయినారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కును మింగి కాదు. మన రాష్ట్రంలో 2019లో సచివాలయాలు వచ్చినాయి. పల్లెల్లో సుమారు 2,000 మందికి, పట్టణాల్లో 4,000 మందికి ఒకటి చొప్పున ఇంటి దగ్గరికే ఆఫీసు వచ్చింది. సంతోషమే. కానీ కొన్నిచోట్ల వాటిని బడి ఆవరణల్లో కట్టబోతే 2020లో హైకోర్టు కూడదంది. పెద్దల సౌకర్యం కోసం పిల్లల ఆటస్థలం తీసుకోవడం న్యాయం కాదు గదా.

ఇక మెట్ల సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం పాత ప్రభుత్వ భవనాలకు కూడా అయిదేండ్లలో ర్యాంపుల వంటి సౌకర్యాలు కల్పించాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చినాయి. అంటే గడువు 2022లోనే తీరిపోయింది.

కాబట్టి మన సంఘానికి నా మనవి మూడు. ఒకటి, మున్సిపాలిటీకి పోయి మాస్టర్ ప్లాను చూసి, మన వార్డులో ఏ స్థలం దేనికి ఉంచినారో రాసిపెట్టుకుందాము. చూపకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలతో దరఖాస్తు పెడదాము, 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు, భూవినియోగం మార్పిడికి ప్రకటన వెలువడితే గడువులోగా ఆక్షేపణ రాసి ఇద్దాము. భవనం లేచినాక అరిచి లాభం లేదు. మూడు, కొత్త ఆఫీసుకు స్థలం చూస్తున్నారని తెలిస్తే, బస్‌స్టాపు ఎంత దూరం, కింది అంతస్తులో కౌంటరు ఉంటుందా అని అడుగుదాము.

అర్జీ రాయడం, ఫైలు నడపడం మనకు కొత్త కాదు. నలభై ఏండ్లు పైవాళ్ల కోసం నోట్లు రాసినాము. ఆనాడు నా నోటులో రాయకుండా విడిచిన ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పుడు మీ అందరితో కలిసి అర్జీలో రాయాలని నా కోరిక.