తలుపులు లేని బండ్లు

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము చేరి, అచ్చటినుండి చర్ల వైపునకో చింతూరు వైపునకో అడవి దారిని పోయి యెరిగినవారికి తలుపులు లేని జీపు కొత్త వస్తువు గాదు. బస్సు చేరని పల్లెలకు ఒకప్పుడు అదియే దిక్కు. ఎదురెదురు బల్లలపై కొందరు, వెనుక మెట్టుపై నిలిచి కొందరు, ఒడిలో ఇప్పపూవు బుట్టతో ఒక ముసలమ్మ. ఇంతమంది ఎక్కు బండికి తలుపు లేదేమని అడిగినవారు లేరు. ఉన్న తలుపులను గూడ ఊడదీసి ఇంటిలో పెట్టిన యజమానులు కలరు.

ఇట్టిదే మరియొక బండి ఇంగ్లండులో పుట్టినది. 1957వ సంవత్సరమున కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరు 'లోటస్ సెవెన్' అను చిన్న స్పోర్ట్సు కారును అమ్మకమునకు పెట్టెను. దానికిని తలుపులు లేవు. అది ప్రధానముగా విడిభాగములుగానే అమ్ముడుపోయెడిది; కొన్నవాడే తన కొట్టములో కూర్చుకొనవలెను. తయారైన కారుపై ఆ దేశమున కొనుగోలు పన్ను ఉండెను, విడిభాగములపై లేకుండెను. కావున జేబు బరువు లేని యువకులు రెంచీలు పట్టి తామే మేస్త్రీలైరి. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరినవి. ఆ వంశపు కార్లు నేటికిని తయారగుచున్నవి.

పైకి రెండును ఒక్క తీరు. కాని జీపునకు తలుపు లేకపోవుటకును, ఆ కారునకు లేకపోవుటకును గల కారణములు పరస్పర విరుద్ధములు. ఈ భేదము తెలియనందుననే ఊరేగింపుల కొరకు పాత కార్ల పైకప్పులు కోయించుచున్నారు. కనుక దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఎడ్లబండిని చూడుడు. ఇరుసుపై పొడవైన కర్రలు, వానిని కలుపు అడ్డకర్రలు. బండి బలమంతయు అడుగుననే యున్నది. ప్రక్క తడికలను తీసివేసినను బండికి లోటు లేదు. జీపు ఈ జాతిదే. దాని అడుగున నిచ్చెన వంటి ఉక్కు చట్రమున్నది. దానినే చాసీ యందురు. పైనున్న రేకుతొట్టి మనుష్యులు కూర్చుండుటకు మాత్రమే. తలుపులు తీయుడు, గుడ్డకప్పు తీయుడు, ముందు అద్దమును బానెట్టుపైకి వాల్చుడు. చట్రమునకు చీమ కుట్టినట్లును ఉండదు. కుడి ముందుచక్రము గోతిలోను, ఎడమ వెనుకచక్రము రాతిపైనను ఉన్నప్పుడు ఆ నిచ్చెన కొంచెము మెలిక తిరుగును. గంటకు ఇరువది కిలోమీటర్ల నడకకు ఆ మెలిక దోషము గాదు, ఒకింత మేలు గూడ. నాలుగు చక్రములును నేలను విడువకుండ పట్టుకొనును.

నూరు కిలోమీటర్ల వేగమున మలుపు తిరుగు కారునకు ఆ మెలికయే శత్రువు. స్ప్రింగులు, షాకబ్సార్బరులు కదలవలెను; అవి బిగించిన చట్రము కదలరాదు. చట్రము తానును ఒక స్ప్రింగైనచో చక్రములు నేలకు నిలుచు వాలు మారిపోవును. స్టీరింగు త్రిప్పినది ఒకప్పుడు, వెనుక భాగము వినునది మరియొకప్పుడు. చివరకు వెల్డింగు అతుకులు పగులును.

అయినచో తక్కువ బరువుతో మెలికకు లొంగని చట్రమును చేయుట యెట్లు? నిండు వెదురుబొంగును రెండు చేతులతో మెలివేయ జూడుడు, కదలదు. దానినే పొడవునా ఒక్క ప్రక్క చీల్చి మరల మెలివేయుడు. వంచబోయినపుడు మునుపటి బలము చాలవరకు మిగిలియే యుండును. మెలికకు మాత్రము గుడ్డపేలిక వలె లొంగిపోవును. లెక్కకు గూడ అంతే. పది సెంటీమీటర్ల వ్యాసము, రెండు మిల్లీమీటర్ల మందము గల ఉక్కు గొట్టమును నిడువుగా చీల్చినచో, మెలికను ఎదుర్కొను శక్తి సుమారు 1,900 రెట్లు తగ్గును. కారు అచ్చముగా గొట్టము గాదు గనుక దాని నష్టము ఇంత ఘోరముగా నుండదు. అయినను దారి అదియే.

ఇక నులకమంచము. వదులైన మంచమును ఒక మూలనుండి నెట్టిన చదరము ఓరపోవును. ఐమూలగా ఒక కర్ర బిగించినచో రెండు త్రికోణములై నిలుచును. లోటస్ సెవెన్ ప్రక్కలు ఇట్టి త్రికోణములతో సన్నని ఉక్కు గొట్టములను అతికి, పైన అల్యూమినియము రేకును రివెట్లతో బిగించినవి. కూర్చున్నవాని మోచేతి క్రింది గోడయే ఆ కారు ఎముక. అచ్చట వాకిలి కోయుట యనగా మంచపు ఐమూల కర్రను ఊడబెరుకుటయే. భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన 1965లో తెరచుటకు పూర్వము ఏరు దాటినవారెవరును, ఎక్కుట కష్టముగా నున్నది, పడవ ప్రక్కను కోసి వాకిలి పెట్టుమని సరంగును అడిగియుండరు.

తలుపు మూసినచో ఆ కంత పూడదా యని మీరడుగవచ్చును. కంటికి పూడును, బలమునకు పూడదు. తలుపు బందులపై వ్రేలాడును. చుట్టును రబ్బరుకు చోటు విడిచియుందురు. కనుకనే పెద్ద కర్మాగారములవారు గడప క్రింద లోతైన పెట్టె దూలమును, గట్టి స్తంభములను పెట్టి, పోయిన బలమును బరువు రూపమున తిరిగి కొనుచున్నారు. ఇంటిలో కారు చేయువానికి అన్ని అచ్చులు, ప్రెస్సులు ఎక్కడివి? అందుచేత కొందరు ఫైబరుగ్లాసు తొడుగుపై తలుపు గీతను మాత్రము దించి, ప్రక్కను మూసియే ఉంచెదరు. దానిని సోమరితన మనువారు కలరు; నా దృష్టిలో అది నిజాయితీ గల పని.

పెద్ద సంస్థకును ఈ చిక్కు తప్పలేదు. 1952లో మెర్సిడెస్ బెంజి వారు 300 ఎస్‌ఎల్ అను పందెపు కారునకు సన్నగొట్టములతో సుమారు ఏబది కిలోల చట్రమును కట్టిరి. దాని ప్రక్కలు నడుము వరకు లేచినవి. మామూలు తలుపునకు తావు లేదు. కావున తలుపును పైకప్పునకు బందులు వేసి, పక్షి రెక్క వలె పైకి తెరచునట్లు చేసిరి. 1954లో అమ్మకమునకు వచ్చిన కారున ఆ రెక్కలకే లోకము ముగ్ధమైనది. అలంకారమని చాలమంది తలచిరి గాని అది గత్యంతరము లేని యేర్పాటు. 1957లో కప్పు లేని నమూనాకు మామూలు తలుపులు పెట్టుటకై ప్రక్క చట్రమును మార్చవలసి వచ్చెను, బరువును పెరిగెను.

ఇప్పుడు అంబాసిడరు సంగతి. 1958 నుండి 2014 వరకు తయారైన ఆ కారు చూపునకు ఏనుగు వంటిది. అడుగున జీపు వంటి చట్రమే యుండునని మేస్త్రీలు గూడ పొరబడుదురు. లేదు. నేల, గడపలు, స్తంభములు, పైకప్పు కలిసి ఒకటే పెట్టెగా దాని బలము. వరుని ఊరేగింపునకో నాయకుని నిలువబెట్టుటకో కప్పు కోసినపుడు ఆ పెట్టె మూత పోయినది. దానిపై నలుగురు నిలిచినచో తలుపుల సందులు విడివడును, గొళ్లెము పడదు. కొందరు తలుపులకు వెల్డింగు కొట్టి బాగైనదందురు. అతుకు కొంత సాయము చేయును గాని మూత తిరిగి రాదు.

పరీక్ష సులభము. తలుపు చోటున ఒక మూల నుండి ఎదుటి మూలకు ఐమూలగా రెండు దారములు కట్టి కొలువుడు. తరువాత ఒక ముందుచక్రమును జాకీతో ఎత్తి మరల కొలువుడు. ఒకటి పెరిగి రెండవది తరిగినచో బండి మెలిక తిరుగుచున్నది, దానిని రోడ్డెక్కింపరాదు. చట్టము గూడ ఒప్పదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ విభాగము ఇట్టి మార్పులను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టును ఆ మాటనే దృఢపరచెను. ఇంటిలో కట్టిన కొత్త కారునకును నమూనా పరీక్ష లేనిదే రిజిస్ట్రేషను దొరకదు. అది సొంత ఆవరణలోనే తిరుగవలెను.

అయినను కట్టదలచిన యువకులను నేను వారింపను. ముందుగా వెదురుపుల్లలతో అయిదవ వంతు నమూనా చేసి చేతితో మెలివేసి చూడుడు. ఏ పుల్ల లోపించినదో వ్రేళ్లే చెప్పును. ప్రక్కలు మూసిన కారునకు పైకప్పును మూయరాదు. నిప్పంటిన నాడు అది బోనగును. తలకు పైగా ఉక్కుకమాను, నడుమునకు బెల్టు ఉండవలెను. ఆషాఢములో తడియుదురు, పొగగొట్టము ప్రక్కనుండి పోయినచో దిగునపుడు పిక్క కాలును, మోకాళ్ల నొప్పి గల తండ్రిగారు ఎక్కలేరు. మన దేశమున 2007 నుండి బాహా పోటీలలో ఇంజనీరింగు విద్యార్థులు తలుపులు లేని గొట్టపు చట్రముల బండ్లు కట్టి నడుపుచున్నారు. అట్టి పోటీల నియమము ఒకటి మీరును పాటింపవచ్చును: బెల్టు పెట్టుకొని కూర్చున్న చోదకుడు అయిదు సెకన్లలో బయటపడవలెను. చట్రమును తాత్కాలికముగా అతికినపుడే గడియారము పట్టి చూచుకొనుడు. ఆలస్యమైనచో ప్రక్క గొట్టమును ఒక అంగుళము దించి మరల చూడుడు.