91వ కీర్తన తాయెత్తు కాదు



మా గురువుగారి పేరిట జరుగుతున్న ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినందుకు కృతజ్ఞుణ్ణి. ఆయన పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను చెప్పేది ఒక్క జ్ఞాపకం. ఆయన పోయాక వాళ్లమ్మాయి నాకిచ్చిన బైబిల్లో 91వ కీర్తన పేజీ అంచులు నలిగి, కొబ్బరినూనె మరకలు పడి ఉన్నాయి. 15వ వచనం కింద పెన్సిలు గీత, పక్కన ఒక తేదీ. అది ఆయన పెద్దకొడుకు పోయిన రోజు. ఈ కీర్తన మీదే ఆయనకూ నాకూ ఇరవై ఏళ్లు వాదన నడిచింది. ఈ రోజూ ఆ వాదనే వినిపిస్తాను. ఆయనకు నేనివ్వగల గౌరవం అదే.

దేవుడు మనకు ఆశ్రయం, కోట, కాపరి అన్న సంగతి ఈ సభలో ఎవరికీ కొత్త కాదు. 23, 27, 46, 121 కీర్తనలు మీకు కంఠతా వచ్చు. వాటి జోలికి పోను. నా పేచీ ఒక్కచోటే. దేవుని దయ ఉన్నవాడికి ఆపద రాదని 91వ కీర్తన చేత మనం చెప్పిస్తున్నాం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దానం కార్డు ఆ కీర్తనలోదైతే, ఆ ఏడాదంతా ఇంటికి ఏమీ కాదని ధీమాపడతాం. ఈ అలవాటు పాతదే. మృతసముద్రం దగ్గర కుమ్రానులో దొరికిన ఒక చుట్టలో ఈ కీర్తన దయ్యాలను వెళ్లగొట్టే పాటల సరసన ఉంది. ప్రాచీన క్రైస్తవులు దీన్ని తాయెత్తుల మీద రాసుకున్నారు.

సువార్తల్లో ఈ కీర్తనను అలా వాడినవాడు ఒక్కడే. మత్తయి 4, లూకా 4 అధ్యాయాల్లో దేవాలయ శిఖరం మీద అపవాది, దూతలు ఎత్తిపట్టుకుంటారనే ఈ కీర్తన 11, 12 వచనాలు వల్లించి దూకమన్నాడు. యేసు ఇచ్చిన జవాబు, దేవుణ్ణి శోధించవద్దనే ద్వితీయోపదేశకాండం 6:16. అది మస్సాను గుర్తుచేసే వచనం. మస్సాలో జనం నీళ్ల కోసం గొడవపడ్డారని చెప్పి ఊరుకుంటాం. నిర్గమకాండం 17:7 చదవండి. దేవుడు తమ నడుమ ఉన్నట్టా లేనట్టా అన్నది వాళ్ల ప్రశ్న. కాపాడి చూపిస్తేనే సన్నిధిని నమ్ముతామనడం దేవుణ్ణి శోధించడమే. యేసు దూకలేదు. ఆయన విశ్వాసం అదీ.

"మరి ఏ అపాయమూ రాదని 10వ వచనం అనడం లేదా?" అని గురువుగారు అడిగేవారు. అంటోంది. ఐదు వచనాలు దాటగానే, 15వ వచనంలో, శ్రమలో తోడుంటానని దేవుడే పలుకుతున్నాడు. శ్రమే రానివాడికి శ్రమలో తోడెందుకు? ఆదికాండం 39లో యెహోవా యోసేపుకు తోడున్నాడన్న మాట నాలుగుసార్లు వస్తుంది: రెండు పోతీఫరు ఇంట్లో, రెండు చెరసాలలో. చెరసాల తలుపు ఆ అధ్యాయంలో తెరుచుకోదు. దయాప్రాప్తురాలని దూత పలకరించిన మరియకు గుండెకోత తప్పదని తర్వాతి అధ్యాయంలోనే సుమెయోను చెప్పాడు. పౌలు తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు ఉండిపోయింది, కృప దొరికింది. అందుకని స్వస్థత కోసం ప్రార్థించవద్దా? తప్పకుండా ప్రార్థించాలి. జబ్బు తగ్గలేదు కాబట్టి దేవుడు ముఖం తిప్పుకున్నాడని మాత్రం ఏ రోగికీ చెప్పకూడదు.

దేవుని దయ అంటే ఆయన సన్నిధేనని మన తెలుగు మాటలే పట్టిస్తాయి. హెబ్రీలో 'పానీమ్' అంటే ముఖం. మన బైబిలు దాన్ని చాలాచోట్ల సన్నిధి అంది. 'హేన్' ఒకరి కన్నుల్లో దొరికేది. మనవాళ్లు దాన్ని కటాక్షం అన్నారు, అంటే కడకంటి చూపు. ముఖం లేకుండా చూపు ఉంటుందా? నిర్గమకాండం 33లో మోషే పట్టుబట్టింది ఇందుకే: దేవుడు తమతో నడవడమే ఆయన కటాక్షానికి గుర్తు. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి తల్లి ఒళ్లోకి తీసుకుంటే జ్వరం వెంటనే దిగదు. ఏడుపు ఆగుతుంది.

గురువుగారి బైబిలు చూశాకే నేను తెలుగు ఇళ్లలోని పాత బైబిళ్ల అంచుల్లో చేత్తో రాసుకున్న గుర్తులు సేకరించడం మొదలుపెట్టాను. కీర్తనలకు రాస్తున్న వ్యాఖ్యానంలో వాటిని చేరుస్తాను. 91వ కీర్తనలో 10వ వచనం కిందా గీతలు కనిపించాయి, 15వ వచనం కిందా కనిపించాయి. తేదీలు మాత్రం 15 పక్కనే ఉన్నాయి. మీ అమ్మమ్మదో తాతయ్యదో అట్ట ఊడిన బైబిలు ఇంట్లో ఉంటే పారేయకండి. ఆ పేజీ ఒక్కటి ఫొటో తీసుకోనివ్వండి. బైబిలు మీ ఇంట్లోనే ఉంటుంది.