రూమ్‌మేట్ మాట్లాడటం మానేస్తే...

హాస్టల్లో ఉన్నవాళ్లు ఈ ఎపిసోడ్‌ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. క్యాంపస్‌లో మనసు బాగాలేని రోజుల గురించి మాట్లాడుకుందాం. పక్కనోళ్లు చూస్తే ఏమనుకుంటారో అన్న భయం మన దగ్గర ఇంకా పోలేదు కదా.

మాది నెల్లూరు తీరం. మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె వైపు ఊళ్ల నుంచి పిల్లలు చదువుకి నెల్లూరికో, కావలికో, కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీకో వస్తారు. ఆ యూనివర్సిటీ పెట్టింది 2008లో. అంతకుముందు మన జిల్లా కాలేజీలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కింద ఉండేవి. అందుకే చాలా ఇళ్లలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఇప్పుడు చదువుతున్న మీరే. సెమిస్టర్, బ్యాక్‌లాగ్ అంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. చెప్పుకోడానికి మాటే దొరకదు.

దీనికి తోడు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన సముద్రంలో వేట నిషేధం. ఇంటికి రాబడి ఆగిపోయే రోజులవి. పరీక్షలు, ఫీజులు కూడా చాలాసార్లు ఆ చుట్టుపక్కలే పడతాయి. "నాన్నా, ఫీజు కట్టాలి" అని ఫోన్లో అడగలేక మింగేసుకునే పిల్లాడికి "పాజిటివ్‌గా ఆలోచించు బ్రో" అంటే ఏం ఒరుగుతుంది చెప్పండి? గడువు ఇమ్మని అడగడానికి వాడితో పాటు ఆఫీసు దాకా నడవండి. నా లెక్కలో అదీ మనసుకి చేసే సాయమే.

ఇప్పుడు మీ అందరికీ తెలియాల్సిన ఒక తీర్పు. 2023లో విశాఖపట్నంలో నీట్‌కి ప్రిపేర్ అవుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. వాళ్ల నాన్న సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసుని సీబీఐకి ఇచ్చింది. అంతటితో ఆగకుండా, చట్టం వచ్చేదాకా దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించాలని 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని ఆ తీర్పులోనే ఉంది.

వంద మంది, అంతకన్నా ఎక్కువ మంది చదివే చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనిపించేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల గురించి నలుగురిలో అవమానించకూడదు.

కాబట్టి "సార్, మన కౌన్సెలర్ ఎవరు? ఏ గదిలో ఉంటారు?" అని మీరు ధైర్యంగా అడగొచ్చు. ఒక్కరే అడగడానికి మొహమాటమైతే పదిమంది కలిసి ఒక కాగితం మీద రాసివ్వండి. నా అభిప్రాయం ఇంకొకటి: మనకి ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్‌కే కౌన్సెలర్ అని పేరు పెడితే పిల్లలు నోరు విప్పరు. ఆ గది ప్రిన్సిపల్ ఆఫీసు ఎదురుగా ఉన్నా అంతే, లోపలికి పోయేది ఊరంతా చూస్తుంది. వీటి గురించి కూడా ఆ కాగితంలో రాయండి. మీరు నిపుణులతో చెప్పుకున్నది బయట పెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

సరే, కౌన్సెలర్ ఉన్నారనుకుందాం. రాత్రి పదకొండుకి రూములో ఎవరుంటారు? మీరే. బాగా మాట్లాడే మనిషి మెస్‌కి రావడం మానేశాడు, నిద్రపోవట్లేదు, ఇష్టంగా దాచుకున్న వస్తువులు పంచిపెడుతున్నాడు. "ఏం రా అబ్బయ్యా, అట్టా ఉండావ్?" అంటే "ఏం లే" అంటాడు. ఆ మాట నమ్మి వదిలేయొద్దు. మర్నాడు టీకి తీసుకుపోయి, ఇద్దరే ఉన్నప్పుడు మళ్లీ అడగండి. అనుమానం గట్టిగా ఉంటే "చచ్చిపోవాలనిపిస్తా ఉందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అని చాలామంది వెనకాడతారు. అట్టా కాదని పరిశోధనల్లో తేలింది. అడిగిన మనిషి దొరికాడని చాలామందికి గుండె తేలికవుతుంది కూడా.

అవునన్నాడా? నీతులు చెప్పొద్దు, "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా" అని గద్దించొద్దు. వినండి. ఒంటరిగా వదలొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వొద్దు. వార్డెన్‌కో, వాడు నమ్మే పెద్దవాళ్లకో చెప్పండి. ప్రాణాపాయం అనిపిస్తే వెంటనే 108కి కొట్టండి.

14416 అనే నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకోసమే చేయాలని లేదు, ఫ్రెండ్ విషయంలో ఏం చేయాలో తోచకపోయినా చేయొచ్చు. మీ కౌన్సెలర్ గది తలుపు ఏ రోజు, ఎన్ని గంటలకి తీస్తారో రేపు కాలేజీకి పోయినప్పుడు కనుక్కోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.