జాబితాలో లేని ఆడవాళ్లు

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



'ఎన్నికలు - స్త్రీల చైతన్యం' అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. చైతన్యం గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఇవాళ నేను అంతకంటే చిన్నదిగా, గుమాస్తా పనిలాగా కనిపించే విషయం తీసుకుంటాను. అది ఓటర్ల జాబితా. 2029లో లోక్‌సభ ఎన్నికలు రావాలి. ఎన్నికలు దగ్గరపడ్డాక 'ఓటు వెయ్యండమ్మా' అని ఊరేగింపులు తీసేవాళ్లు బోలెడుమంది ఉంటారు. ముగ్గుల పోటీలు పెడతారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు. జాబితాలో ఎవరి పేరుంది, ఎవరి పేరు పోయింది అని ఏడాది ముందే ఇల్లిల్లూ తిరిగి చూసేవాళ్లు మాత్రం తక్కువ. మన ఆడవాళ్లు ఓటు పోగొట్టుకుంటున్నది పోలింగు రోజున కాదు. అంతకు చాలా ముందు, ఈ కాగితాల దగ్గరే.

కొంచెం వెనక్కి వెళ్దాం. స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. అప్పుడు దేశంలో స్త్రీ ఓటర్లు సుమారు 8 కోట్ల మంది. వాళ్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి తీసేశారు. కారణం, వాళ్ల సొంత పేర్లు అందులో లేకపోవడం. 'ఫలానావాడి భార్య', 'ఫలానావాడి కూతురు' అని నమోదై ఉన్నారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్ ప్రాంతాల వాళ్లు. పరాయివాళ్లకి ఆడమనిషి పేరు చెప్పకపోవడం అక్కడి ఆచారం. సొంత పేరు లేకుండా ఓటరు లేదని కమిషన్ గట్టిగా నిలబడింది. పేర్లు చెప్పడానికి బీహారులో గడువు పెంచింది కూడా.

ఈ కథని మామూలుగా 'వెనకబడిన ఆడవాళ్ల' కథగా చెప్తారు. నాకు అలా అనిపించదు. కమిషన్ పెట్టిన నియమం సరైనదే. పౌరురాలికి పేరుండాలి, ఆమె ఒకరి తాలూకు మనిషిగా కాక మనిషిగా నమోదు కావాలి. కానీ ఆ నియమానికి మూల్యం ఎవరు చెల్లించారో చూడండి. పేరు దాచిన ఆచారం ఇంటిదీ, కులానిదీ, మగవాళ్ల పరువుదీ. ఓటు పోయింది మాత్రం ఆమెది. పైగా 'ఆమె పేరు చెప్పలేదు' అని రాసుకున్నాం సరే, ఆమెని ఎవరైనా అడిగారా? గుమ్మం దగ్గర నిలబడ్డ మగవాడిని అడిగి రాసుకుపోయిన ఇళ్లెన్నో!

ఈ 'తాలూకు' వ్యవహారం అంతకు ముందునుంచీ ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1921లోనే స్త్రీలకి ఓటు హక్కు వచ్చింది. అయితే అది ఆస్తి ఉన్నవాళ్లకి. ఆస్తి ఎవరి పేర ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 1935 చట్టంలో ఒక దారి తీశారు: ఆస్తి అర్హత ఉన్నవాడి భార్య గానీ వితంతువు గానీ అయితే ఆ లెక్కన ఓటు ఇవ్వొచ్చన్నారు. ఆనాటి మహిళా సంఘాలు దీన్ని ఒప్పుకోలేదు. భార్యగా కాదు, వయోజనురాలిగా ఓటు కావాలని అడిగాయి. ముత్తులక్ష్మీరెడ్డి వంటి వాళ్లు ఆ వాదన గట్టిగా చేశారు. 'ముందు వచ్చింది తీసుకోండి, తర్వాత చూద్దాం' అన్న సలహా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇక నిజాం రాజ్యంలో వయోజన ఓటన్న మాటే లేదు. సాయుధ పోరాటంలో తిరిగిన తెలంగాణ ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1952లోనే. ఆ ఎన్నికల్లోనే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి హైదరాబాదు శాసనసభకి గెలిచారు.

పేరు చెప్పకపోవడం ఉత్తరాది సంగతి కదా, మనకేమిటి అనుకోవచ్చు. మన దగ్గర అది తిరగబడి ఉంది. మన ఆడవాళ్లు తమ పేరు చెప్తారు, మొగుడి పేరు నోటితో అనరు. పల్లెల్లో పెద్ద వయసు వాళ్లని అడిగి చూడండి. 'మా పెద్దోడి నాయన' అంటారు, లేకపోతే పక్కింటావిడ వైపు చూస్తారు. మన జాబితాలో ఆమె పేరు కిందనే భర్త పేరు ఉంటుంది. అడిగేదీ అదే. ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా అన్నది ఇంకో తకరారు. రేషను కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో మరొకటి.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊళ్లో ఫారాలు నింపుతుంటే ఒకామె వచ్చి కూర్చుంది. భర్త వదిలేస్తే పుట్టింటికొచ్చి ఆరేళ్లయింది. పెళ్లయిందని పుట్టినూళ్లో పేరు తీసేశారు. ఉండట్లేదని అత్తగారి ఊళ్లోనూ తీసేశారు. ఫారంలో భర్త పేరు అడుగుతారని ఆమెకి తెలుసు. "ఆయన పేరు రాస్తే నా ఓటు మళ్ల ఆయనింటికే పోతదా అక్కా?" అనడిగింది. ఆ ప్రశ్నలో అమాయకత్వం ఏమీ లేదు. మన కాగితాలు పనిచేసే తీరు ఆమెకి బాగా అర్థమయింది.

ఆమెలాంటి వాళ్ల కోసం ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఫారంలో బంధువు పేరు అడిగే చోట భర్త పేరే ఉండాలని నియమం లేదు. తండ్రి పేరు రాయొచ్చు, తల్లి పేరు రాయొచ్చు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు గురువు పేరు రాయొచ్చు. ఆవేళ మేం తల్లి పేరు రాశాం.

ఇప్పుడు లెక్కల సంగతి. 1962 లోక్‌సభ ఎన్నికల్లో నూరుమంది మగ ఓటర్లలో 63 మంది ఓటేస్తే, నూరుమంది ఆడ ఓటర్లలో 47 మందే వేశారు. 2019 నాటికి ఆ తేడా పోయింది. 2024లో స్త్రీల పోలింగు 65.78 శాతం, పురుషులది 65.55. ఇది నిజంగా గొప్ప మార్పు, తక్కువ చేసి చెప్పను. కానీ ఈ శాతం దేనిమీద కడతారు? జాబితాలో ఉన్నవాళ్ల మీద. జాబితాలోనే లేని ఆడమనిషి ఓటు వెయ్యని లెక్కలోకి కూడా రాదు. ఆమె లేకపోవడం వల్ల శాతం తగ్గదు. అందుకని పోలింగు శాతం చూసి సంబరపడి ఆగిపోతే ఆమె ఇక ఎవరికీ కనిపించదు. 2019లో ప్రణయ్ రాయ్, దొరాబ్ సోపారివాలా తమ 'ద వర్డిక్ట్' పుస్తకంలో, దేశం మొత్తం మీద ఇలా జాబితాకెక్కని స్త్రీలు 2.1 కోట్ల మంది అని అంచనా వేశారు. 2024కి జాబితాలో వెయ్యిమంది పురుషులకి 948 మంది స్త్రీలయ్యారు. ముందుకంటే నయమే.

మన రెండు రాష్ట్రాల్లో 2024 జాబితాల్లో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువ ఉన్నారు. దాంతో అధికారులు 'మన దగ్గర సమస్య లేదు' అంటారు. మొత్తం లెక్క సరిపోయినంత మాత్రాన ప్రతి మనిషీ తన బూతులో ఉన్నట్టు కాదు. పెళ్లయి వెళ్లిన పిల్ల పేరు పుట్టింటి జాబితాలో పదేళ్లుగా ఉంటుంది. అత్తింటి ఊళ్లో ఉండదు. లెక్కలో ఆమె ఉంది, ఓటు మాత్రం లేదు. పోలింగు రోజున అధికారి దగ్గర 'లేనివారు, మారినవారు, చనిపోయినవారు' అని ఒక జాబితా ఉంటుంది. ఊరు మారిన ఆడపిల్ల చనిపోయినవాళ్ల సరసన చేరుతుంది. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలప్పుడు కార్డు చేతిలో పట్టుకుని వెళ్లి పేరు లేక వెనక్కొచ్చిన వాళ్లు ఎందరో మీకు గుర్తుండే ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆ ఓటు తిరిగిరాదు. కార్డు ఉండటం వేరు, పేరు ఉండటం వేరు అన్న సంగతి మన సంఘాల్లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

చట్టం మనకి అనుకూలంగా ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను ప్రకారం తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఆ ఊరి నివాసం పోదు. పురిటికి పుట్టింటికి వెళ్లిన కోడలు, ఇటుక బట్టీకి వెళ్లిన కూలి మనిషి, బిడ్డ వైద్యానికి పట్నంలో మూడు నెలలున్న తల్లి, వీళ్లెవరి పేరూ 'ఇంటి దగ్గర లేరు' అని తీసెయ్యడానికి వీల్లేదు. 22వ సెక్షను ప్రకారం, ఊళ్లో ఉండట్లేదన్న కారణంతో పేరు తీసేసే ముందు ఆ మనిషి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. తీసేశాక కూడా జిల్లా కలెక్టరుకి, ఆపైన రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారికి అప్పీలుంది. ఇల్లు లేనివాళ్లకి నివాసపు కాగితం అక్కర్లేదు. వాళ్లు పడుకుంటామని చెప్పిన చోటికి బూతు అధికారి రాత్రిపూట వెళ్లి చూసి నమోదు చెయ్యాలి. సెక్స్ వర్కర్లకి ఓటరు కార్డులు ఇవ్వాలని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత ఉండీ ఇవి ఎందుకు అమలు కావంటే, అడిగేవాళ్లు లేక.

బూతు అధికారి అన్నాను. చాలా ఊళ్లలో ఆమె అంగన్‌వాడీ టీచరే. గుడ్లు పంచాలి, పిల్లల్ని తూచాలి, రిజిస్టర్లు రాయాలి, దానిమీద ఇది. ఆమెతో పోట్లాడి ఏం సాధించలేం. ఆమెని కూర్చోబెట్టుకుని పని చెయ్యాలి.

2025లో బీహారులో జరిగింది మనం శ్రద్ధగా చూడాలి. ఆ ఏడాది జూన్ 24న అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించారు. జాబితాలో అప్పటికి 7.89 కోట్ల మంది. ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి 65 లక్షల పేర్లు లేవు. సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో 7.42 కోట్లు. పేర్లు పోయినవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. అక్కడి నియమం చూస్తే ఎందుకో తెలుస్తుంది. 2003 జాబితాలో పేరు లేనివాళ్లు పత్రాలు చూపాలి. 1987 జూలై 1 తర్వాత పుట్టినవాళ్లయితే తల్లిదండ్రుల వివరాలూ చూపాలి. అత్తింట్లో ఇరవై ఏళ్లుగా ఉన్న ఆడమనిషికి భర్త పేరు జాబితాలో ఉన్నా ఆధారం కాదు. ఎక్కడో వేరే జిల్లాలో ఉన్న పుట్టింటికి వెళ్లి తండ్రి పేరున్న పాత కాగితం తేవాలి. ఆ తండ్రి ఉన్నాడో లేడో, అన్నదమ్ములు ఇస్తారో ఇవ్వరో. పదోతరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, భూమి కాగితం, వీటిలో సగం ఆమె జన్మలో చూడనివి. పెళ్లయ్యాక భర్త తాలూకు అన్నారు. కాగితం దగ్గరికొచ్చేసరికి మళ్లీ తండ్రి తాలూకు అన్నారు. తొలగించిన పేర్లన్నీ కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాల్సి వచ్చింది. సెప్టెంబరు 8న ఆధార్‌ని కూడా పత్రంగా తీసుకోమంది.

అక్టోబరులో మరో 12 రాష్ట్రాలకీ కేంద్రపాలిత ప్రాంతాలకీ ఈ సవరణ ప్రకటించినప్పుడు ఆ జాబితాలో మన రెండు రాష్ట్రాలు లేవు. ఎప్పుడొచ్చినా తట్టుకోవాలంటే పాత జాబితాల ప్రతులు మన దగ్గర ఉండాలి. పెళ్లయి వచ్చిన ప్రతి ఆమె పుట్టింటి ఊరు, నియోజకవర్గం, తల్లిదండ్రుల పేర్లు రాసి పెట్టుకోవాలి. దొంగ ఓట్లు పోవద్దా అని మీలో ఎవరైనా అడగొచ్చు. పోవాలి. చచ్చిపోయినవాళ్ల ఓట్లు తీసెయ్యాలి. ఆ పేరుతో బతికున్నవాళ్లని తీసెయ్యకూడదు. ఉన్నానని నిరూపించుకునే బరువంతా కాగితాలు లేని మనిషి నెత్తిన పెట్టకూడదు.

ఇక సమీకరణ మాట. పొదుపు సంఘాలు వచ్చాక ఆడవాళ్లని ఒకచోట చేర్చడం అందరికీ తేలికైపోయింది. లీడరుకి ఫోను చేస్తే లారీ నిండుతుంది. దీన్ని స్త్రీల రాజకీయ భాగస్వామ్యం అనడానికి నాకు నోరు రాదు. 1992లో దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లని ఎవరూ లారీ ఎక్కించలేదు. వాళ్లే సారా పాటలు ఆపారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్య నిషేధం పెద్ద వాగ్దానమైంది, 1995 జనవరిలో అమల్లోకి వచ్చింది. 1997లో సడలించేశారు. ఓటుగా మారిన కోరిక కూడా కాపలా లేకపోతే నిలవదని అప్పుడు చూశాం. మన సంఘాలు ఫలానా పార్టీకి వెయ్యమని చెప్పక్కర్లేదు. కానీ తటస్థత పేరుతో పోలింగు శాతం పెంచే కూలి పనికి కుదురుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. జాబితా పని అలా కాదు. దాన్ని చేతిలోకి తీసుకుంటే ఊళ్లో ఎవరు ఎవర్ని తీయిస్తున్నారో, ఏ వాడలో పేర్లు ఎగిరిపోతున్నాయో బయటపడుతుంది. దళితవాడలో, తండాలో ముందుగా చూడండి.

పని ఎలా చెయ్యాలంటే, సంఘం మీటింగులో జాబితా పైకి చదవండి. చదువు రానివాళ్లకి ఇదొక్కటే దారి. ఊరి సంగతి తెలిసిన ముసలమ్మ ఒకరుంటే చాలు, ఎవరు చనిపోయారు, ఎవరు కొత్త కోడలు, ఎవరు తిరిగొచ్చారు అన్నీ చెప్పేస్తుంది. పద్ధెనిమిది నిండిన పిల్లలకి ఫారం 6. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఒక్కరోజు తేడాతో ఏడాది ఆగాల్సి వచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టొచ్చు. పెళ్లయి ఊరు మారిన వాళ్లకి, నియోజకవర్గం మారినా సరే, ఇప్పుడు ఫారం 8. చాలామంది పాత అలవాటుకొద్దీ కోడళ్లకి ఫారం 6 పెట్టిస్తున్నారు. రెండుచోట్ల పేరు పడి, ఏదో ఒకరోజు రెండూ పోతాయి. ఫారం 7 తొలగింపుకి. మీ బూతులో ఎవరెవరి మీద ఫారం 7 పడిందో అడిగి తెలుసుకోండి, ఆ ఇంటికి వెళ్లి చెప్పండి. నామినేషన్ల ఆఖరి తేదీ దాటితే జాబితాలో ఇక ఏ మార్పూ చెయ్యరు. దరఖాస్తు పరిశీలనకి రోజులు పడతాయి కనుక ఆఖరి వారం దాకా ఆగకండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరు తెచ్చిన జాబితాలు ముందేసుకుని కూర్చుందాం. ఎవరి ఊరి జాబితా వాళ్లు కాకుండా పక్కవాళ్లది తీసుకోండి. పేరు చదివి, ఈమె ఇప్పుడు ఎక్కడుంటోంది అని ఆ ఊరి కార్యకర్తని అడగండి. జవాబు రాని పేరు ముందు పెన్సిలుతో గుర్తు పెట్టండి. రేపు ఊళ్లోకి వెళ్లాక మొదట తట్టాల్సిన తలుపులు అవే.