కర్రపెండలంలో మొజాయిక్ తెగులు

పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులకు దుంప తోలే రైతులు ఒకసారి కర్రపెండలం లేత ఆకుల్ని పట్టి చూడండి. ఆకుపచ్చ మధ్య పసుపు మచ్చలు, ఒక పక్కకు మెలితిరిగి ముడుచుకున్న ఆకు కనిపిస్తే అది మొజాయిక్ తెగులు. ఎరువు చాలలేదనుకుని యూరియా వేస్తే డబ్బు దండగ.

ఇది వైరస్ పని. పచ్చదనం తగ్గిన ఆకు పిండిపదార్థం సరిగా తయారుచేయలేదు, దుంప ఊరదు. తెల్లదోమ ఈ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తుంది నిజమే. కానీ దోమను తిట్టుకునే ముందు మన విత్తనం సంగతి చూసుకోవాలి. తెగులున్న కర్ర నుంచి కోసిన ముచ్చె నాటితే వైరస్‌ను మనమే చేలోకి తెచ్చినట్టు. అలాంటి మొక్క మొలక నుంచే నీరసిస్తుంది, దిగుబడి బాగా పడిపోతుంది. దోమ వల్ల ఆలస్యంగా సోకినదానికి నష్టం తక్కువ. ఈ తెగులు ఎంత దెబ్బ తీయగలదంటే, 1990లలో ఉగాండాలో రెండు వైరస్‌ల కలయికతో పుట్టిన కొత్త రకం వైరస్ విజృంభించి, చాలాచోట్ల రైతులు ఈ పంటే మానుకున్నారు.

సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ, తెగులును తట్టుకునే శ్రీ రక్ష వంటి రకాలను విడుదల చేసింది. అవి దొరకకపోతే, ఆకు రాలకముందే చేనంతా తిరిగి, మచ్చ లేని మొక్కలకు గుర్తు కట్టండి. వచ్చే పంటకు ముచ్చెలు వాటి నుంచే కోయండి.