ఆస్తిక నాస్తిక వాదములలో మర్యాద

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము అయినది. మన మన రాశులకు ఆదాయమెంతో వ్యయమెంతో, రాజపూజ్యమెంతో అవమానమెంతో విన్నాము. కొందరు కాగితము మీద రాసుకున్నారు. కొందరు వెనుక వరుసలో కూర్చుని నవ్వుకున్నారు. వేపపూత పచ్చడి మాత్రము రాసుకున్నవారూ, నవ్వుకున్నవారూ కూడా రెండవసారి అడిగి పుచ్చుకున్నారు. మేము మాట్లాడదలచిన విషయము ఆ రెండు వరుసల నడుమనే ఉన్నది.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పనిలో కుదురుకున్నవారము. మా ఇంట సాయంకాలము దీపము పెట్టే అలవాటు ఉన్నది. మా స్నేహితులలో దీపము పెట్టనివారూ ఉన్నారు. ఇరువురి మాటలూ రోజూ మా చెవిని పడుతూనే ఉంటవి. అందుచేత దేవుడు ఉన్నాడా లేడా అనే ప్రశ్నకు ఈ పది నిమిషములలో జవాబు చెప్పబోము. ఆ ప్రశ్న మీద వాదించుకునేవారు ఒకరినొకరు ఎట్లా చూసుకోవలెను అన్నంతవరకే మా ప్రసంగము.

ఇది ఊసుపోక ఎత్తిన విషయము కాదు. రెండేళ్ల క్రిందట శ్రీరామనవమి పందిరికి చందాలు పోగుచేసే సందర్భములో మన సంఘములోనే ఒక తగవు వచ్చినది. ఒక యువకుడు, తన చందాను పందిరికి గాక ఆదివారపు తెలుగు తరగతి పిల్లల పుస్తకాలకు ఖర్చు పెట్టమన్నాడు. ఒక పెద్దాయనకు కోపము వచ్చి, రాముడు అక్కరలేనివాడికి సంఘము మాత్రము ఎందుకన్నారు. యువకుడు ఊరుకున్నాడా? ఆయన ఇంట జరిగే సత్యనారాయణ వ్రతాన్ని నలుగురిలో వెక్కిరించాడు. అంతటితో ఆ రెండు ఇళ్లకూ మాటలు పోయినవి. వాదము పెద్దలది, నష్టము పిల్లలది. ఆ రెండు ఇళ్ల పిల్లలూ ఆదివారపు తరగతికి రావడము మానివేశారు. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుని, వీధిలో ఒడియా మాట్లాడే ఈ బరంపురములో, మన పిల్లలకు అఆలు దొరికే చోటు ఆ ఒక్క గది. దేవుడి మీది తగవులో పోయినది దేవుడూ కాదు, హేతువూ కాదు. అక్షరాలు పోయినవి.

వాదమును గురించి మన పూర్వులు ఏమన్నారో ఒక్కసారి చూతము. గౌతముని న్యాయశాస్త్రము వాగ్వివాదమును మూడు తెగలుగా చెప్పినది. నిజము తేల్చుకోవడానికి చేసేది వాదము. గెలుపు కోసము చేసేది జల్పము. తనకంటూ ఒక పక్షము నిలబెట్టుకోకుండా, ఎదుటివాని మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండము. ఈ మూడు మాటలలో మన ఇళ్లలో బాగా వాడుకలో నిలిచినది ఏది? వితండవాదమే. ఆ మాట చదువురాని ముసలమ్మలకు కూడా తెలుసును. దానిని బట్టి మనకు ఏ వాదము ఎక్కువ అలవాటో మీరే గ్రహింపగలరు.

మన పెద్దలు నాస్తికుని మాట వినడానికి భయపడినవారు కారు. వాల్మీకి రామాయణములో అయోధ్యాకాండ చూడండి. శ్రీరాముని అయోధ్యకు మరల్చవలెనని జాబాలి, పరలోకము లేదు, కంటికి కనబడేదే నమ్ము అని వాదించాడు. రామునికి కోపము వచ్చినది. గట్టిగానే ఖండించాడు. వసిష్ఠుడు కలుగజేసుకుని, నిన్ను వెనుకకు తీసుకుపోవాలనే ఆయన అట్లా అన్నాడని సర్దిచెప్పాడు. అయితే జాబాలి మాటలను వాల్మీకి దాచలేదు. అవి నేటికీ పారాయణ గ్రంథములోనే ఉన్నవి.

14వ శతాబ్దిలో విజయనగర కాలపు మాధవాచార్యుల పేర వెలసిన సర్వదర్శన సంగ్రహము మరొక ఉదాహరణ. అందులో అన్నిటికంటె ముందు చెప్పబడినది చార్వాక మతము. ముందు ఎదుటి పక్షము వాదన ఏమిటో పూర్తిగా చెప్పి, తరువాతనే ఖండించడము మన శాస్త్రకారుల పద్ధతి. దీనికే పూర్వపక్షము అని పేరు. చార్వాకుల గ్రంథములు చాలవరకు పోయినవి. వారి వాదనలు నేడు మనకు తెలియుచున్నవంటే వారిని ఖండించినవారి పుస్తకముల వలననే. ఆస్తికులు నాస్తికులకు చేసిన ఉపకారములలో ఇది చిన్నది కాదు.

మరొక సంగతి. పూర్వము ఆస్తికుడనగా వేదప్రామాణ్యమును అంగీకరించినవాడు. సృష్టికర్తను ఒప్పుకోని మీమాంసకులు కూడా ఆస్తికులలోనే లెక్క. కాబట్టి నాస్తికుడన్న మాటను తిట్టుగా విసిరే ముందు కొంచెము ఆలోచించవలెను.

ఇక మన కాలమునకు దగ్గరి కథ చెప్పుదము. మన బరంపురము నుండి ఖుర్దారోడ్డు వైపు పోయే రైలు దారిలోనే ఉన్నది ఛత్రపురము. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1902 నవంబరు 15న ఆ ఛత్రపురములో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబములో గోపరాజు రామచంద్రరావుగారు పుట్టారు. లోకమునకు ఆయన గోరాగా తెలుసును. వృక్షశాస్త్రములో ఎం.ఏ. చదివి కళాశాలలో ఉపన్యాసకులుగా పనిచేశారు. దేవుడు లేడన్న తన అభిప్రాయమును దాచుకోనందుకు 1933లో కాకినాడలో ఉద్యోగము పోగొట్టుకున్నారు. తరువాత 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో, భార్య సరస్వతిగారితో కలిసి నాస్తిక కేంద్రము స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారినది. అస్పృశ్యతను రూపుమాపడానికి సహపంక్తి భోజనములు నడపడము వారి ముఖ్యకార్యములలో ఒకటి.

గోరాగారు 1930లోనే గాంధీగారికి జాబు రాసి, దేవుడన్న మాటకు మీరు చెప్పే అర్థమేమని అడిగారు. ఆ వస్తువు మనుష్యుని బుద్ధికి అందదన్న భావముతో క్లుప్తముగా సమాధానము వచ్చినది. అది గోరాగారికి తృప్తి కలిగించలేదు. 1941లో మరల రాశారు. ఈసారి గాంధీగారు నాస్తికత్వమును ఒప్పుకోనని స్పష్టముగా తెలిపారు. ఇక్కడ మనబోటివారైతే ఏమి చేతుము? పెద్దమనిషి మన మాట త్రోసివేశాడని నలుగురితో చెప్పుకుని తిరుగుదుము. గోరాగారు తన పని తాను చేసుకుంటూ వేచి ఉన్నారు. 1944 చివరలో సేవాగ్రామములో ఇద్దరూ కలుసుకున్నారు.

ఆ సంభాషణలను గోరాగారే తరువాత ఇంగ్లీషులో ఒక పుస్తకముగా రాశారు. అందులో మాకు నచ్చిన అంశములు మూడు.

మొదటిది, ఇద్దరూ మొగమాటము లేకుండా మాట్లాడుకున్నారు. దేవుడు లేడనే మనిషితో ఏమి మాట్లాడడమని గాంధీగారు హాస్యముగానే మొదలుపెట్టారు. గోరాగారు నవ్వి, తన నాస్తికత్వమంటే ఏమిటో విడమరచి చెప్పారు. దేవుని మీద భారము వేసి కూర్చోవడము వలన మనిషి తన బాధ్యత మరచుచున్నాడనీ, నాస్తికుడైతే తన బ్రతుకును తానే దిద్దుకోవలెననీ ఆయన వాదన.

రెండవది, గాంధీగారు తమ మాటే నిజమని పట్టుబట్టలేదు. ఎవరు సరియో పని యొక్క ఫలితము తేల్చుననీ, అప్పుడు నేనే మీ దారికి రావచ్చును, మీరే నా దారికి రావచ్చును, లేదా ఇద్దరమూ మూడవ దారి పట్టవచ్చుననీ చెప్పారు. దినదినమూ ప్రార్థన చేసే మహాత్ముడు ఇట్లా అనగలిగారంటే, ఆయన భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

మూడవది, మాటతో ఆగక ఆచరణకు దిగడము. గోరాగారు తన పెద్దకుమార్తెను హరిజన యువకునికి ఇచ్చి పెండ్లి చేయ నిశ్చయించగా, ఆ పెండ్లి సేవాగ్రామములో జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. వధూవరులు దేవుని సాక్షిగా అనడము గోరాగారికి సమ్మతము కాదు. దేవుని పేరుకు బదులు సత్యము పేర ప్రమాణము చేయడానికి గాంధీగారు అంగీకరించారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురైనారు. పెండ్లి ఆ ఏడే సేవాగ్రామములోనే జరిగినది.

గాంధీగారు ఇక్కడ తమ విశ్వాసమును వదులుకున్నారా? లేదు. తొలిరోజులలో దైవమే సత్యమని చెప్పుతూ వచ్చిన ఆయన, తరువాత ఆ మాటను తిరగవేసి సత్యమే దైవమన్నారు. 1931లో స్విట్జర్లాండులో దానికి కారణము చెప్పుతూ, దేవుని కాదనేవారు సైతము సత్యమును కాదనరని వివరించారు. తన గడప దాటకుండానే ఎదుటివానికి కూర్చోను చోటు చూపించారు. గోరాగారు కూడా తన పట్టు విడువలేదు. 1975లో కన్నుమూసేవరకు నాస్తికులుగానే ఉన్నారు. ఆయన రాసిన పుస్తకమును 1951లో అచ్చువేసినది గాంధీగారి నవజీవన్ సంస్థయే. పీఠిక రాసినది కిశోరలాల్ మష్రువాలాగారు. గోరాగారి కుమారుడు లవణంగారు నాస్తికులై ఉండి వినోబాభావేగారి ఉపన్యాసములను తెలుగులోకి అనువదించి చెప్పేవారు. గీతా ప్రవచనములు చేసిన ఆచార్యుని మాటలు తెలుగువారికి ఒక నాస్తికుని నోట అందినవి.

తమిళదేశములో చూసినా పెరియార్ రామస్వామిగారు, రాజాజీగారు జీవితమంతా ఎదురెదురుగా నిలిచినవారు. ఒకరు దేవుని విగ్రహములు పగులగొట్టించినవారు, ఒకరు రామాయణ భారతములు రాసినవారు. 1972 డిసెంబరులో రాజాజీగారు పోయినప్పుడు, తొంబది దాటిన పెరియార్‌గారు చక్రముల కుర్చీలో అంత్యక్రియలకు వచ్చి కంటతడి పెట్టారు.

మన రాజ్యాంగము కూడా ఈ మర్యాదనే పాటించినది. మంత్రులు, శాసనసభ్యులు ప్రమాణము చేసేటప్పుడు దేవుని పేరు చెప్పవచ్చును, లేదా మనస్సాక్షిగా ప్రతిజ్ఞ చేయవచ్చును. పదవి ఒక్కటే, బాధ్యత ఒక్కటే.

అట్లని మర్యాద అంటే నోరు మూసుకోవడము కాదు. తప్పు కనబడితే అనవలసినదే. బలి పేరిట, వెలి పేరిట, వాస్తు పేరిట బీదవాని డబ్బు గుంజుచుంటే ఆస్తికుడే ముందు కేకవేయవలెను. హేతువాదము పేరు చెప్పి ఇంటి ఆడవారిని ఏడిపించుచుంటే నాస్తికుడే ముందు మందలించవలెను. ఎవరి ఇల్లు వారు ఊడ్చుకుంటే వీధి దానంతటదే శుభ్రపడును.

మన సంఘము మటుకు మాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసుకుంటాము. ఎదుటివాని పక్షమును ముందు వాడు ఔనని తల ఊపేటట్టు చెప్పి, ఆ పైన ఖండింతము. చావు ఇంట, జబ్బు ఇంట, పీటల మీద ఈ వాదము పెట్టవద్దు. మనిషి నమ్మకమును చూచి వాడి కూటికీ, సంఘ సభ్యత్వమునకూ అడ్డుపడవద్దు. పిల్లల ఎదుట ఎదుటి ఇంటివారిని పాపులనీ, మూఢులనీ అనవద్దు. వాదము మనకు చల్లారినా వారిలో రగులుతూ ఉండును.

ఆ చందా తగవు ఏమైనదని మీకు సందేహము రావచ్చును. మన కోశాధికారిగారు చందా పుస్తకములో రెండు గళ్లు గీశారు. ఒకటి పందిరికి, ఒకటి పుస్తకములకు. ఎవరికి ఏది ఇష్టమో అందులో రాసి రసీదు పుచ్చుకోవచ్చును. చాలామంది రెండింటా రాశారు. ఆ తరువాత శ్రావణములో ఆ పెద్దాయన ఇంట చావు జరిగినది. పరాయి ఊరిలో పాడె మోయడానికి మనవారు నలుగురు కావలెను గదా. పిలవకుండానే వచ్చి భుజము పట్టినవారిలో ఆ యువకుడు ఒకడు. తక్కినవారు గోవింద కొట్టారు. అతడు కొట్టలేదు. కొట్టమని ఎవరూ అడగలేదు. శ్మశానము దాకా భుజము మాత్రము మార్చుకోలేదు.

ఇప్పటికీ వారిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. కాకపోతే అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు పుచ్చుకుని వాదించుకుంటున్నారు. పెద్దాయన "అయితే నాయనా, ఈ చెట్టుకు పువ్వు ఎవరు పెట్టారు?" అంటారు. యువకుడు "విత్తు పెట్టింది బాబాయిగారూ, కావాలంటే పుస్తకం తెస్తాను" అంటాడు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. ఇరు ఇళ్ల పిల్లలూ మాత్రము ఆదివారము పలకలు పట్టుకుని వస్తున్నారు.

ఈ రోజుకు తొమ్మిదవ నాడు శ్రీరామనవమి. చందా పుస్తకము ద్వారము దగ్గర బల్ల మీద ఉన్నది. గళ్లు రెండూ తెరచియే ఉన్నవి. ఈ సంవత్సరము అందరికీ రాజపూజ్యము ఎక్కువై, అవమానము తక్కువ కావలెనని కోరుకుంటున్నాము. ఒకరినొకరు అవమానించుకోకుండా ఉంటే, పంచాంగమును నమ్మినవారికీ నమ్మనివారికీ కూడా ఆ ఫలము తప్పక కలుగును.

సెలవు.