నీళ్ళు పోసేది లోపలికి పిలవడానికే

హాస్టల్ పిల్లల తరఫున, వారిని చూసుకునే వార్డెన్ల తరఫున నాలుగు మాటలు చెప్పుకుంటాం.

శుద్ధి అనేది మనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర వస్తుంది. రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె, ఆ మరుసటి బుధవారం మండమెలిగె చేసుకుంటాం. ముందు గుడి శుభ్రం చేసి, అలికి, ముగ్గు పెట్టిన తర్వాతే తల్లుల రాక.

జాతరకు వచ్చినవాళ్ళు ముందుగా జంపన్న వాగులో మునుగుతారు. ఒకప్పుడు అది సంపెంగ వాగు. కాకతీయ సైన్యంతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న అందులో ప్రాణం విడిచాడని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ నీళ్ళలో మునిగేవాళ్ళను నీది ఏ ఊరు, ఏ కులం అని ఎవరూ అడగరు. మునిగి లేచి తడిబట్టలతోనే గద్దెల వైపు నడుస్తారు.

2015లో గోదావరి పుష్కరాలకు వెళ్ళినవాళ్ళు మనలోనూ ఉన్నారు. అక్కడా అంతే, మునిగి లేస్తే మనసు తేలికపడుతుంది. పురుడు స్నానంతో బాలింత మళ్ళీ ఇంటి పనుల్లోకి వస్తుంది. చావు జరిగిన ఇల్లు స్నానాలతో మైల విడిచి మళ్ళీ పొయ్యి వెలిగించుకుంటుంది. ఎక్కడ చూసినా స్నానం పని ఒక్కటే, పక్కన ఉన్న మనిషిని లోపలికి పిలవడం.

మరి పెద్దమనిషైన ఆడపిల్ల విషయంలో ఏం జరుగుతోంది? కబురు అందగానే ఇంటికి తీసుకుపోతారు. విడిగా కూర్చోబెడతారు. మంచిరోజు చూడాలి, మేనమామ రావాలి, చుట్టాలకు చెప్పాలి, డబ్బు సర్దుకోవాలి. స్నానం వాయిదా పడుతూ ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అలా వెళ్ళి నెల దాటాక వచ్చింది. పరీక్షలు అయిపోయాయి. లెక్కలు అందుకోలేక వెనక బెంచీకి చేరింది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళి ఇక తిరిగి రాలేదు. మేము రెండుసార్లు ఊరికి వెళ్ళి అడిగాం. అప్పటికే సంబంధం కుదిరిపోయింది.

మేమూ చిన్నప్పుడు అలా బయట కూర్చున్నవాళ్ళమే. అందుకే ఆచారాన్ని తప్పుపట్టడానికి రాలేదు. ఆ తర్వాత మేము చూసిన ఇంకో సంగతి చెబుతాం.

మరో పిల్ల పెద్దమనిషి అయినప్పుడు వాళ్ళ అవ్వ మూడో రోజు పొద్దున్నే మొదటి బస్సుకు హాస్టల్‌కే వచ్చింది. చేతిసంచిలో పసుపు, కొత్త బట్టలు, కొంచెం బెల్లం. "బకెట్ వేడినీళ్ళు ఇయ్యి బిడ్డా" అంది. మా వంటామె కాచి ఇచ్చింది. అవ్వ మనవరాలికి పసుపు రాసి, తలమీద నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, అందరి నోట్లో బెల్లం పెట్టింది. "బళ్ళో కూసుంటే చాలు, ఇంట్ల కూసోవద్దు" అని చెప్పి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఆ రాత్రే స్టడీ అవర్‌లో కూర్చుంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

హాస్టల్‌లో నెలసరి వచ్చిన పిల్ల రోజూ స్నానం చేస్తుంది, అందరితో కలిసి తింటుంది, అందరి పక్కన పడుకుంటుంది. దానివల్ల ఎవరికీ కీడు జరగలేదు.

పెద్దలను మేము అడిగేది ఇంతే. పిల్లకు పసుపు రాయండి, నీళ్ళు పోయండి, పాటలు పాడండి. అది మన ముచ్చట. కానీ ఆ స్నానం మూడో రోజే కానివ్వండి. ఇంటికి రాలేకపోతే హాస్టల్‌కు రండి, నీళ్ళు మేము కాచి పెడతాం. విందు వేసవి సెలవుల్లో చేసుకోవచ్చు. పోయిన పరీక్ష మళ్ళీ రాదు.

వాగు ఎవరినీ ఒడ్డున ఆపదు. మన ఇంటి బకెట్ నీళ్ళు కూడా ఆడపిల్లను ఆపకూడదు.

జై సమ్మక్క, జై సారలమ్మ. సెలవు.